బోర్డు మీద 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంది, అయినా టైమర్ 16 రెట్లు నెమ్మది. ఎందుకు?

తుంగభద్ర_తీరం (కర్నూలు)

అందరికీ నమస్తే. పొలంలో బోరు మోటారుకు టైమర్ స్టార్టర్ చేస్తున్నాను. కరెంటు వచ్చాక కాసేపు ఆగి కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) పడాలి. 20 నిమిషాలు ఒక వాల్వుకు నీళ్లు, తర్వాత రెండో వాల్వు. ప్రోగ్రామ్ అంతా ఆర్డ్యూనో ఊనో మీద రాసి పరీక్షించాను, అక్కడ ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు చిన్న పీసీబీ చేయించి దాని మీద కొత్త ఏటీమెగా328పీ (ఊనోలో ఉండే మైక్రోకంట్రోలర్ చిప్) పెట్టాను. చిప్‌కు క్లాక్ ఇవ్వడానికి 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంది, దాని రెండు కాళ్లకూ 22 పికోఫారడ్ కెపాసిటర్లు ఉన్నాయి. ఐడీఈలో (ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్‌లో) బోర్డు 'ఊనో' అనే ఉంచి, హెక్స్ ఫైలు (కంపైల్ అయిన ప్రోగ్రామ్) తీసి, యూఎస్‌బీ ఏఎస్‌పీ ప్రోగ్రామర్‌తో నేరుగా చిప్‌లోకి ఎక్కించాను. వెరిఫై కూడా అయ్యింది.

మోటారు బదులు బల్బు పెట్టి చూస్తే 20 నిమిషాలకు ఆరాల్సింది ఆరనే లేదు. భోజనం చేసి వచ్చినా వెలుగుతూనే ఉంది. అనుమానం వచ్చి మామూలు బ్లింక్ ప్రోగ్రామ్ ఎక్కించాను. సెకనుకు మారాల్సిన ఎల్ఈడీ సుమారు 16 సెకన్లకు మారుతోంది. సీరియల్ 9600లో పిచ్చి గుర్తులు వస్తున్నాయి. క్రిస్టల్ పోయిందేమో అని ఇంకోటి వేశాను, అదే తీరు. పొలంలో పెట్టాల్సిన వస్తువు కదా, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ చూడాలో చెప్పండి.

జుగాడ్_కింగ్ (వరంగల్)

అన్నా, సింపుల్. ప్రోగ్రామ్‌లో ఉన్న ప్రతి డిలేని 16తో భాగించెయ్. 20 నిమిషాలు అంటే 75 సెకన్లు అని రాయి. పనైపోతుంది.

సోల్డర్_బాబాయ్ (రాజమండ్రి)

ఆ చిప్ రేపు పోయి ఇంకో చిప్ వేస్తే? అందులో సెట్టింగ్ సరిగ్గా ఉంటే 20 నిమిషాల నీళ్లు 75 సెకన్లే వస్తాయి. మడి ఎండిపోతుంది.

అసలు సంగతి ఏంటంటే, కొత్త ఏటీమెగా328పీ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు బయటి క్రిస్టల్ వైపు చూడనే చూడదు. చిప్ లోపల క్లాక్ పుట్టించే ఆర్‌సీ ఆసిలేటర్ ఒకటి ఉంటుంది, 8 మెగాహెర్ట్జ్‌ది. దాన్ని మళ్లీ 8తో భాగించే ఫ్యూజ్ (కరెంటు ఫ్యూజ్ కాదు, చిప్‌లో నిలిచి ఉండే సెట్టింగ్) కూడా ఆన్ చేసి పంపుతారు. అంటే 1 మెగాహెర్ట్జ్. మీరు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, ఖాళీ చిప్ అయితే ఇంతే. క్రిస్టల్ మార్చినందువల్ల లాభం లేదు, అది అక్కడ అలంకారానికి ఉంది.

ఓసిలోస్కోప్_అక్క (హైదరాబాద్)

బాబాయ్ చెప్పిందే అయ్యుంటుంది. కానీ ఫ్యూజులు ముట్టుకునే ముందు ఒకసారి కొలవండి. 'సుమారు 16' అంటే నాకు చాలదు. తేడా ఎన్ని రెట్లు ఉందో తెలిస్తే లోపం ఎక్కడుందో సగం తెలిసినట్టే.

ఈ చిప్‌లో, 16 మెగాహెర్ట్జ్ అనుకుని కంపైల్ చేసిన ప్రోగ్రామ్ 2 రెట్లు నెమ్మదిగా ఉంటే లోపలి 8 మెగాహెర్ట్జ్ నడుస్తోంది. 8 రెట్లు ఉంటే క్రిస్టల్ పని చేస్తోంది కానీ 8తో భాగించే ఫ్యూజ్ మిగిలిపోయింది, అంటే 2 మెగాహెర్ట్జ్. 16 రెట్లు అయితే లోపలి ఆసిలేటరూ, భాగహారమూ రెండూ ఉన్నాయి. 125 రెట్లు ఉంటే ఎవరో 128 కిలోహెర్ట్జ్ ఆసిలేటర్ ఎంచుకున్నారు.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసుకుని, బ్లింక్‌లో ఎల్ఈడీ వెలగడం నుంచి మళ్లీ వెలగడం దాకా ఒకటి అనుకుని పది లెక్కపెట్టి చెప్పండి. సరిగ్గా నడిస్తే 20 సెకన్లు రావాలి.

ఇంకో చిన్న పరీక్ష కూడా చేయండి. సీరియల్‌ని పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో 9600 బదులు 600 పెట్టి తెరవండి. 9600ని 16తో భాగిస్తే 600. అక్షరాలు చదవగలిగితే మీ వైరింగ్, మీ యూఎస్‌బీ సీరియల్ ముక్క అన్నీ బాగున్నట్టు, క్లాక్ ఒక్కటే తేడా.

తుంగభద్ర_తీరం

అక్కా, పదికి 5 నిమిషాల 14 సెకన్లు వచ్చింది. 600లో పెడితే అక్షరాలు శుభ్రంగా వచ్చాయి!! ఇది చూసి సగం భయం పోయింది.

ఒక డౌట్. సరిగ్గా 16 రెట్లయితే 320 సెకన్లు రావాలి కదా. 314 వచ్చింది. నేను స్టాప్‌వాచ్ సరిగ్గా నొక్కలేదా?

ఓసిలోస్కోప్_అక్క

మీరు సరిగ్గానే నొక్కారు. వేలు తడబడినా అర సెకను తేడా వస్తుంది, ఆరు సెకన్లు రాదు. ఆ ఆరు సెకన్లే అసలు సాక్ష్యం.

క్రిస్టల్ నుంచి క్లాక్ వస్తూ ఉంటే లెక్క ఇంత తప్పదు. ఇక్కడ 2 శాతానికి దగ్గరగా వేగం ఎక్కువగా ఉంది, అంటే మీ లోపలి ఆసిలేటర్ 8కి బదులు సుమారు 8.15 మెగాహెర్ట్జ్ దగ్గర తిరుగుతోంది. డేటాషీట్ ప్రకారం ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్‌కు 10 శాతం దాకా అటూ ఇటూ మన్నింపు ఉంది. మనం సొంతంగా క్యాలిబ్రేట్ చేసుకుంటే 1 శాతానికి తేవచ్చు. కాబట్టి మీ చిప్ మంచిదే.

ఇప్పుడు ఫ్యూజులు చదివి, మూడూ ఇక్కడ రాయండి: లో, హై, ఎక్స్‌టెండెడ్. చదవడం వల్ల ఏమీ కాదు. రాయడం మాత్రం ఇప్పుడే వద్దు.

ఫైనల్_ఇయర్ (విశాఖపట్నం)

అక్కా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ప్రోగ్రామ్ పైన ఎఫ్ సీపీయూ 16000000 అని డిఫైన్ చేస్తాం కదా? అది పెట్టాక చిప్ 16 మెగాహెర్ట్జ్‌లో నడవాలి కదా? మాకు ల్యాబ్‌లో 'ఇక్కడ స్పీడు సెట్ చేస్తాం' అనే చెప్పారు.

ఓసిలోస్కోప్_అక్క

కాదు. అది చిప్‌కు ఇచ్చే ఆదేశం కాదు, కంపైలర్‌కు మనం చెప్పే మాట మాత్రమే. 'ఈ చిప్ సెకనుకు ఇన్ని క్లాకులు తిరుగుతుంది, నమ్ము' అంటున్నాం. డిలే ఫంక్షన్ ఆ సంఖ్య తీసుకుని, వెయ్యి మిల్లీసెకన్లకు ఎన్ని చుట్లు తిరగాలో కంపైల్ చేసేటప్పుడే లెక్క కట్టేస్తుంది. హెక్స్ ఫైల్లో ఉండేది ఆ చుట్ల లెక్కే. చిప్ నెమ్మదిగా తిరిగితే అవే చుట్లకు ఎక్కువ సేపు పడుతుంది. సీరియల్ బాడ్ రేటూ అంతే, మిల్లీస్ (ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు) లెక్కా అంతే. అసలు డిఫైన్ చేయడమే మర్చిపోతే డిలే హెడర్ ఫైలు ఒక హెచ్చరిక చూపించి, 10 లక్షలు అనుకుని ముందుకెళ్తుంది. ఆ హెచ్చరికను చాలామంది చదవరు.

పీడబ్ల్యూఎం (పిన్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేసే పద్ధతి) కూడా మారిపోతుంది. ఊనోలో 5, 6 పిన్ల మీద 976 హెర్ట్జ్ ఉండేది, ఈ బోర్డులో 61 హెర్ట్జ్ అవుతుంది. ఎల్ఈడీ డిమ్ చేస్తే కంటికి వణుకు కనిపిస్తుంది చూడండి.

8051_లెక్చరర్ (గుంటూరు)

ఫైనల్ ఇయర్ బాబు అడిగింది మంచి ప్రశ్న. తప్పు పిల్లలది కాదు, చెప్పే తీరుది. 8051 (కాలేజీల్లో నేర్పే పాత మైక్రోకంట్రోలర్) ల్యాబ్ రికార్డుల్లో లోపలి లూపు 1275 సార్లు తిరిగితే ఒక మిల్లీసెకను అని ఏళ్ల తరబడి రాయిస్తున్నారు. ఆ 1275 ఎక్కడిదని అడిగితే చెప్పేవారు తక్కువ. అది ఒక క్లాకుకే ఒక మెషిన్ సైకిల్ నడిచే వేగవంతమైన రకం 8051 మీద, ఒక కంపైలర్‌తో కొలిచిన సంఖ్య. మన ల్యాబుల్లో ఎక్కువగా ఉండే ఏటీ89ఎస్52కి ఒక మెషిన్ సైకిల్‌కు 12 క్లాకులు కావాలి. అదే లూపు దాని మీద వేస్తే ఆలస్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎల్ఈడీ ఎలాగూ వెలిగి ఆరుతుంది కాబట్టి ఎవరూ గడియారంతో సరిచూడరు, రికార్డు మీద సంతకం పడిపోతుంది.

11.0592 అనే వింత క్రిస్టల్ కథ కూడా ఇలాంటిదే. దాన్ని 12తో, తర్వాత 32తో భాగిస్తే 28800. దాన్ని 3తో భాగిస్తే సరిగ్గా 9600, శేషం సున్నా. అందుకే టైమర్ 1లో హెక్స్ ఎఫ్‌డీ (256లోంచి 3 తీసిన విలువ) వేస్తాం. క్రిస్టల్ పెట్టెలో 12 మెగాహెర్ట్జ్‌ది దొరికింది కదా అని అదే వేస్తే 10416 వస్తుంది, ఎనిమిదిన్నర శాతం ఎక్కువ. అప్పుడు స్క్రీన్ మీద కనిపించేది ఏ భాషో ఎవరికీ తెలియదు.

తుంగభద్ర_తీరం

చదివాను. లో ఫ్యూజ్ 62, హై డీ9, ఎక్స్‌టెండెడ్ ఎఫ్ఎఫ్.

చదివేటప్పుడు ప్రోగ్రామర్ 'ఎస్‌సీకే పీరియడ్ సెట్ చేయలేకపోయాను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూసుకో' అంటోంది. అది ప్రమాదమా?

సోల్డర్_బాబాయ్

62, డీ9, ఎఫ్ఎఫ్. అచ్చంగా ఫ్యాక్టరీ ముద్ర. ఎవరూ ముట్టుకోని చిప్ అది.

ఆ హెచ్చరిక చవక యూఎస్‌బీ ఏఎస్‌పీలన్నిటికీ వచ్చేదే, దాన్ని వదిలేయండి. కానీ ఒక్కటి తెలుసుకోండి. ప్రోగ్రామర్ ఇచ్చే ఎస్‌సీకే (డేటా పంపే క్లాక్) వేగం చిప్ క్లాకులో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. 1 మెగాహెర్ట్జ్ చిప్‌కు 250 కిలోహెర్ట్జ్ లోపు అన్నమాట. యూఎస్‌బీ ఏఎస్‌పీ మామూలుగా 375 ఇస్తుంది. అందుకే దాని మీద 'స్లో' జంపర్ ఉంటుంది. కొత్త చిప్ పెట్టగానే 'సిగ్నేచర్ (చిప్ గుర్తింపు సంఖ్య) రావట్లేదు, చిప్ నకిలీది' అని షాపువాడితో గొడవకు పోయేవాళ్లను చూస్తుంటాను. జంపర్ పెడితే సిగ్నేచర్ వచ్చేస్తుంది. మీ బోర్డుకి ఆ జంపర్ ఇప్పటికే పెట్టి ఉండాలి, లేకపోతే హెక్స్ ఎక్కేది కాదు.

తుంగభద్ర_తీరం

అవును బాబాయ్, జంపర్ పెట్టే ఇచ్చారు. ఇప్పుడు లో ఫ్యూజ్ ఎఫ్ఎఫ్ రాయమని ఒకచోట, ఎఫ్7 రాయమని ఇంకోచోట ఉంది. ఏది రాయాలి?

ఓసిలోస్కోప్_అక్క

రెండూ బయటి క్రిస్టల్‌కే, రెంటిలోనూ 8తో భాగించడం ఉండదు. ఎఫ్ఎఫ్ తక్కువ కరెంటు తినే క్రిస్టల్ మోడ్. ఊనోలో ఉండేది అదే. ఎఫ్7 'ఫుల్ స్వింగ్', అంటే క్రిస్టల్ మీద సిగ్నల్ దాదాపు సున్నా నుంచి సప్లై వోల్టేజీ దాకా ఊగుతుంది. కరెంటు కొంచెం ఎక్కువ తింటుంది, కానీ పక్కన నాయిస్ ఉంటే తట్టుకుంటుంది.

మీ బోర్డు త్రీఫేజ్ కాంటాక్టర్ ఉన్న డబ్బాలో ఉండబోతోంది. బ్యాటరీ మీద నడిచేది కాదు. నేనైతే ఎఫ్7 వేస్తాను. చిప్ మీద పేరు చివర 'పీ' అని ఉందో 'పీబీ' అని ఉందో మాత్రం చూడండి, 328పీబీలో ఫుల్ స్వింగ్ లేదు.

ఇంకోటి, మీ ఎక్స్‌టెండెడ్ ఎఫ్ఎఫ్ అంటే బ్రౌన్ అవుట్ రక్షణ (వోల్టేజీ పడిపోతే చిప్‌ను రీసెట్‌లో ఉంచేది) ఆఫ్‌లో ఉంది. ఈ చిప్ 20 మెగాహెర్ట్జ్‌కు 4.5 వోల్టులు, 10 మెగాహెర్ట్జ్‌కు 2.7 వోల్టులు కావాలంటుంది. మధ్యలో గీత గీస్తే 16కి సుమారు 3.8 వోల్టులు. కాంటాక్టర్ పడే క్షణంలో సప్లై అంతకంటే కిందికి జారితే చిప్ ఆగిపోదు, తప్పుడు పనులు చేస్తుంది. అది ఇంకా ప్రమాదం. ఎక్స్‌టెండెడ్‌ను ఎఫ్‌సీ చేస్తే 4.3 వోల్టుల దగ్గర రీసెట్‌లో కూర్చుంటుంది. మోటారు వ్యవహారంలో ఇది తప్పనిసరి అంటాను.

రాసేముందు ప్రతి అంకె రెండుసార్లు చూడండి. ఈ ఫ్యూజుల్లో బిట్ 0 అయితే ఆన్, 1 అయితే ఆఫ్. తలకిందుల వ్యవహారం. ఆన్‌లైన్ ఫ్యూజ్ క్యాలిక్యులేటర్లలో టిక్ పెట్టడం, తీయడం దగ్గర అందరూ తికమకపడేది ఇక్కడే.

జుగాడ్_కింగ్

ఫ్యూజులతో ఆడుకుంటే చిప్ చచ్చిపోతుంది అన్నా. మా దోస్తుది అట్లనే పోయింది. నా మాట విని బోర్డుని 1 మెగాహెర్ట్జ్ అని ఎంచుకుని మళ్లీ కంపైల్ చెయ్. పంపుకి 1 మెగాహెర్ట్జ్ సరిపోదా? నీళ్లు వదలడానికి రాకెట్ కావాలా?

ఓసిలోస్కోప్_అక్క

ఈసారి జుగాడ్ గారి మాటలో న్యాయం ఉంది, నవ్వకండి. ఎల్ఈడీ, రిలే, వాల్వు మాత్రమే ఉంటే 1 మెగాహెర్ట్జ్ ధారాళంగా సరిపోతుంది. మినీకోర్ లాంటి బోర్డు ప్యాకేజీ వేసుకుంటే ఐడీఈలోనే 1 మెగాహెర్ట్జ్ ఎంచుకోవచ్చు. ఫ్యూజ్ ముట్టుకోకుండా 8 మెగాహెర్ట్జ్ కావాలన్నా దారి ఉంది. ప్రోగ్రామ్ మొదట్లోనే క్లాక్ ప్రీస్కేల్‌ను (క్లాక్‌ను భాగించే సంఖ్యను) 1కి మార్చే ఫంక్షన్ పిలిస్తే సరి. రిజిస్టర్‌లో నేరుగా రాయాలంటే ముందు అనుమతి బిట్ వేసి, నాలుగు క్లాకుల లోపల అసలు విలువ వేయాలి. లైబ్రరీ ఫంక్షన్ ఆ తొందర తనే చూసుకుంటుంది.

కానీ 20 నిమిషాల్లో 2 శాతం అంటే 24 సెకన్లు. ఉష్ణోగ్రతతో పాటు, వోల్టేజీతో పాటు అదీ మారుతుంది. మే నెలలో రేకు డబ్బా లోపల ఎంత వేడి ఉంటుందో మీకే తెలుసు. నీళ్లకు అది పట్టింపు కాకపోవచ్చు. తుంగభద్ర గారూ, బోర్డు మీద సీరియల్‌తో మాట్లాడే వస్తువు ఏమైనా పెట్టే ఆలోచన ఉందా?

తుంగభద్ర_తీరం

ఉంది అక్కా. జీఎస్ఎం మాడ్యూల్. మోటారు ఆన్ అయితే నాన్న ఫోన్‌కు మెసేజ్ రావాలి. 9600లో.

8051_లెక్చరర్

అయితే 1 మెగాహెర్ట్జ్‌ను మర్చిపోండి. పది లక్షలను 16తో, 9600తో భాగించి ఒకటి తీసేస్తే 5.51. రిజిస్టర్‌లో సగాలు వేయలేం, 6 వేస్తే 7 శాతం తేడా. జీఎస్ఎం మాడ్యూల్‌కు ఒక్క అక్షరం అర్థం కాదు.

ఓసిలోస్కోప్_అక్క

సర్, చిన్న సవరణ. మీ లెక్క మామూలు మోడ్‌కు సరైనదే. ఆర్డ్యూనో లైబ్రరీ మాత్రం డబుల్ స్పీడ్ మోడ్ వాడుతుంది. అందులో 16 బదులు 8తో భాగిస్తారు, 12.02 వస్తుంది, 12 వేస్తే తేడా 0.2 శాతమే. కాబట్టి 1 మెగాహెర్ట్జ్‌లో 9600 లెక్క ప్రకారం కుదురుతుంది.

అసలు అడ్డు లోపలి ఆసిలేటర్. ఇతని చిప్ ఇప్పటికే 2 శాతం దగ్గర తప్పింది. డబుల్ స్పీడ్‌లో 8 బిట్ల డేటాకు డేటాషీట్ సిఫారసు చేసే గరిష్ఠ తేడా ఒకటిన్నర శాతం. ఇవాళ ఇంట్లో పని చేస్తుంది, ఎండాకాలం పొలంలో మొరాయిస్తుంది. అలాంటి లోపాన్ని పట్టుకోవడం నరకం. అందుకే సీరియల్ ఉన్నచోట క్రిస్టల్ వాడమంటాను.

16 మెగాహెర్ట్జ్ దగ్గర 9600కి ఏ మోడ్‌లోనైనా తేడా 0.2 శాతమే. 115200 అయితే ఆలోచించాలి. అక్కడ డబుల్ స్పీడ్‌లో 2.1 శాతం, మామూలు మోడ్‌లో మూడున్నర. మీకు అంత వేగం అక్కర్లేదు.

8051_లెక్చరర్

ఒప్పుకుంటున్నాను మేడమ్. డబుల్ స్పీడ్ బిట్ సంగతి మా సిలబస్‌లో ఉన్నా దాన్ని దాటేస్తుంటాం.

సోల్డర్_బాబాయ్

జుగాడ్ తమ్ముడూ, మీ దోస్తు చిప్ చచ్చి ఉండదు. క్రిస్టల్ బదులు 'ఎక్స్‌టర్నల్ క్లాక్' ఎంచుకుని ఉంటాడు. పేర్లు దగ్గరగా ఉంటాయి కదా. అప్పుడు చిప్ తయారైన క్లాక్ సిగ్నల్ కోసం ఎదురుచూస్తుంది. క్రిస్టల్ దానంతట అది సిగ్నల్ ఇవ్వదు, దాన్ని ఊపే సర్క్యూట్ చిప్ లోపల ఆఫ్ అయిపోయి ఉంటుంది. క్లాక్ లేదు కాబట్టి ప్రోగ్రామర్‌కు కూడా జవాబు రాదు.

దానికి మందు ఉంది. ఊనోలో టైమర్ 1ని కంపేర్ విలువ సున్నా పెట్టి టాగుల్ మోడ్‌లో నడిపిస్తే దాని 9వ పిన్ మీద 8 మెగాహెర్ట్జ్ చతురస్ర తరంగం వస్తుంది. ఆ తీగ తీసుకెళ్లి 28 కాళ్ల 328పీలో 9వ కాలుకు పెట్టండి, అదే క్రిస్టల్ ఇన్‌పుట్ కాలు. రెండు చోట్లా 9 రావడం యాదృచ్ఛికమే, గుర్తుపెట్టుకోవడం మాత్రం సులువు. గ్రౌండ్లు కలపండి, తీగ పొట్టిగా ఉంచండి. ఇప్పుడు సిగ్నేచర్ వస్తుంది, ఫ్యూజ్ మళ్లీ సరిగ్గా రాసుకోవచ్చు. పారేసిన చిప్ ఇంకా డబ్బాలో ఉంటే తీయమనండి.

రీసెట్ కాలును మామూలు పిన్‌గా మార్చే ఫ్యూజో, ఎస్‌పీఐ ప్రోగ్రామింగ్ ఆపే ఫ్యూజో పడితే మాత్రం ఈ మందు పని చేయదు. దానికి 12 వోల్టుల ప్రోగ్రామర్ కావాలి.

జుగాడ్_కింగ్

బాబాయ్!! దోస్తుకి ఫోన్ చేస్తున్నా.

తుంగభద్ర_తీరం

లో ఎఫ్7, ఎక్స్‌టెండెడ్ ఎఫ్‌సీ రాశాను. పది బ్లింకులకు 20 సెకన్లు. సీరియల్ 9600లో మామూలుగా వస్తోంది. బల్బు 20 నిమిషాలకు ఆరింది!

అందరికీ చాలా థాంక్స్. స్లో జంపర్ ఇప్పుడు తీసేయొచ్చా?

సోల్డర్_బాబాయ్

తీసేయొచ్చు. 16 మెగాహెర్ట్జ్ చిప్‌కు 375 లెక్కే కాదు. ఇంకో కొత్త చిప్ పెట్టే రోజు మళ్లీ గుర్తుంచుకోండి.

హెచ్ఎస్ఈ_25 (మ్యూనిక్)

ఆలస్యంగా చూశాను. ఎస్‌టీఎం32 అనే ఇంకో రకం మైక్రోకంట్రోలర్ వాడేవాళ్లకి కూడా ఇదే తలనొప్పి వేరే రూపంలో వస్తుంది కాబట్టి చెప్తాను. ఎఫ్407 డిస్కవరీ బోర్డు మీద ఉండేది 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. చాలా పాత టెంప్లేట్ ఫైళ్లలో హెచ్ఎస్ఈ (బయటి క్రిస్టల్) వాల్యూ 25 మెగాహెర్ట్జ్ అని, పీఎల్ఎల్ (క్లాక్‌ను పెంచే సర్క్యూట్) ముందు భాగించే సంఖ్య ఎం కూడా 25 అని ఉంటుంది. కోడ్ 168 మెగాహెర్ట్జ్ అనుకుంటుంది. లెక్క ప్రకారం వచ్చేది 8 భాగించు 25, ఇంటూ 336, భాగించు 2, అంటే 53.76. పైగా పీఎల్ఎల్ ఇన్‌పుట్ 1 నుంచి 2 మెగాహెర్ట్జ్ మధ్య ఉండాలి, ఇక్కడ 0.32 అవుతుంది. నా పేరు అలా ఎందుకుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఈఎస్‌పీ8266 వైఫై చిప్ ఆన్ చేయగానే పిచ్చి గుర్తులు వచ్చేది కూడా ఈ కుటుంబ రోగమే. దాని రామ్ కోడ్ 40 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ అనుకుని 115200కి లెక్క కడుతుంది. బోర్డు మీద ఉండేది 26. 115200ని 26తో గుణించి 40తో భాగించండి, 74880. టెర్మినల్‌లో ఆ బాడ్ రేటు పెడితే బూట్ మెసేజ్ చదవొచ్చు.

ఫైనల్_ఇయర్

రామ్ కోడ్ అంటే ర్యామా, రోమా?

హెచ్ఎస్ఈ_25

రోమ్. ఫ్యాక్టరీలో వేసిన, మనం మార్చలేని బూట్ కోడ్. టైపింగ్‌లో కాలు జారింది.

తుంగభద్ర_తీరం

ఇంకో కోరిక ఉంది. రోజూ తెల్లవారి ఐదున్నరకు మోటారు పడేలా చేయొచ్చా? మిల్లీస్‌తో గంటలు లెక్కపెట్టుకుంటే చాలా, లేక ఆర్‌టీసీ (సొంత సెల్ మీద టైమ్ చూసుకునే గడియారం చిప్) కొనాలా? క్రిస్టల్ ఇప్పుడు సరిగ్గానే ఉంది కదా.

ఓసిలోస్కోప్_అక్క

ఆర్‌టీసీ కొనండి. మొదటి కారణం, కరెంటు పోతే మిల్లీస్ సున్నా నుంచి మొదలవుతుంది. వ్యవసాయ లైనులో కరెంటు పోకుండా ఉంటుందా?

రెండోది కచ్చితత్వం. మామూలు క్రిస్టల్ 30 పీపీఎం (పది లక్షల్లో 30 వంతులు) తప్పితే రోజుకు 2.6 సెకన్లు. ఇది పర్వాలేదు. ఊనో బోర్డులో 328పీకి ఉండేది క్రిస్టల్ కూడా కాదు, సిరామిక్ రెసొనేటర్. అర శాతం మన్నింపు ఉన్న రెసొనేటర్ అంచుదాకా తప్పితే రోజుకు 7 నిమిషాల 12 సెకన్లు! ఊనో మీద గడియారం ప్రాజెక్టు చేసి 'కోడ్‌లో తప్పు ఎక్కడుంది' అని వెతికేవాళ్లంతా ఈ లెక్క ముందు చూసుకోవాలి. కోడ్‌లో కూడా తప్పులుంటాయి, అది వేరే విషయం. టైమర్ 1తో ఒక సెకను తీయడానికి 62499 వేయాల్సిన చోట 62500 వేస్తే రోజుకు దాదాపు 1.4 సెకన్లు వెనకబడుతుంది. కౌంటర్ సున్నాను కూడా లెక్కపెడుతుంది, అందుకే ఒకటి తగ్గించాలి.

డీఎస్3231 అనే ఆర్‌టీసీ తీసుకోండి. అది తన ఉష్ణోగ్రత తనే కొలుచుకుని సరిదిద్దుకుంటుంది, 0 నుంచి 40 డిగ్రీల మధ్య 2 పీపీఎం లోపు ఉంటుంది. ఏడాదికి నిమిషం చొప్పున తప్పినా గొప్పే.

సోల్డర్_బాబాయ్

మార్కెట్లో దొరికే నీలం రంగు జెడ్ఎస్-042 మాడ్యూల్ కొంటే ఒక జాగ్రత్త. దాని మీద రీచార్జబుల్ సెల్ కోసం ఛార్జింగ్ దారి ఉంటుంది. మనవాళ్లు మామూలు సీఆర్2032 పెడతారు. 5 వోల్టుల మీద నడిపితే ఆ సెల్‌ను ఛార్జ్ చేయాలని చూస్తుంది, సెల్ ఉబ్బుతుంది. ఆ దారిలో ఉన్న చిన్న రెసిస్టర్ కానీ డయోడ్ కానీ పీకేయండి.

ఫైనల్_ఇయర్

328పీకి 32.768 కిలోహెర్ట్జ్ వాచ్ క్రిస్టల్ నేరుగా పెట్టొచ్చని చదివాను. అప్పుడు ఆర్‌టీసీ ఖర్చు మిగులుతుంది కదా?

ఓసిలోస్కోప్_అక్క

పెట్టొచ్చు, టైమర్ 2 దాని మీద నడుస్తుంది. 32768 అంటే 2 ఘాతం 15 కాబట్టి సెకను సరిగ్గా తెగుతుంది. కానీ 328పీలో వాచ్ క్రిస్టల్ కాళ్లూ, మామూలు క్రిస్టల్ కాళ్లూ ఒకటే. అది పెడితే ఇది ఉండదు, సీపీయూ లోపలి 8 మెగాహెర్ట్జ్ మీద నడవాలి. బ్యాటరీ పరికరాలకు ఆ పద్ధతి బాగుంటుంది. జీఎస్ఎం ఉన్న ఈ బోర్డుకు వద్దు.

ఫైనల్_ఇయర్

స్కోప్ లేకుండా క్లాక్ కచ్చితంగా కొలిచే పద్ధతి ఇంకేదైనా ఉందా అక్కా? మల్టీమీటర్‌లో హెర్ట్జ్ రేంజ్ ఉంది, క్రిస్టల్ కాలు మీద పెడితే ఒక్కోసారి చిప్ ఆగిపోతోంది.

ఓసిలోస్కోప్_అక్క

క్రిస్టల్ కాలు మీద ఏదీ పెట్టకండి. ప్రోబ్ కెపాసిటెన్స్ కూడా అక్కడ 22 పికోఫారడ్‌కు తోడవుతుంది, ఫ్రీక్వెన్సీ జరుగుతుంది, లేదా ఊగడం ఆగుతుంది. క్లాక్‌ను బయటికి పంపే ఫ్యూజ్ ఒకటి ఉంది, అది ఆన్ చేస్తే 28 కాళ్ల చిప్‌లో 14వ కాలు మీద సీపీయూ క్లాక్ వస్తుంది. అక్కడ కొలవండి. మీ మీటర్ అంత ఫ్రీక్వెన్సీ చూపకపోతే ఫ్యూజ్ జోలికి పోకుండా టైమర్‌తో 1 కిలోహెర్ట్జ్ తీసి ఒక పిన్ మీద కొలవండి, నిష్పత్తి అదే.

మీటరే లేకపోతే స్టాప్‌వాచే. పది నిమిషాలు కొలిస్తే వేలి తడబాటు 0.2 సెకన్లు అనుకున్నా 0.03 శాతం దాకా తెలుస్తుంది. ఫ్యూజ్ తప్పు పట్టుకోవడానికి అది చాలా ఎక్కువ.

తుంగభద్ర_తీరం

చివరి డౌట్. ఇకముందు ఐడీఈలో బోర్డు మార్చి ప్రోగ్రామ్ ఎక్కిస్తే, లేదా చిప్ ఎరేజ్ చేస్తే, ఈ ఫ్యూజులు మళ్లీ 62కి పోతాయా?

సోల్డర్_బాబాయ్

పోవు. ఎరేజ్ చేస్తే ప్రోగ్రామ్ పోతుంది, లాక్ బిట్లు పోతాయి, ఫ్యూజులు అలాగే ఉంటాయి. బోర్డు పేరు మార్చి అప్‌లోడ్ చేసినా కంపైలర్ లెక్క మారుతుంది కానీ చిప్ మారదు. 'బర్న్ బూట్‌లోడర్' నొక్కితే మాత్రం ఎంచుకున్న బోర్డు ప్రకారం ఫ్యూజులు తిరగరాస్తుంది. ఊనో అని ఉంచి నొక్కితే మీ ఎఫ్7 ఎఫ్ఎఫ్ అవుతుంది, బ్రౌన్ అవుట్ 4.3 నుంచి 2.7కి దిగుతుంది. అలా జరిగితే ఆ రెండూ మళ్లీ రాసుకోండి.

మోడరేటర్

శీర్షికకు 'పరిష్కారం దొరికింది' అని చేర్చాను. డీఎస్3231తో ఐదున్నర అలారం గురించి కొత్త చర్చ తెరవండి. జుగాడ్_కింగ్ గారూ, మీ దోస్తు చిప్ బతికిందో లేదో ఇక్కడే చెప్పొచ్చు.

జుగాడ్_కింగ్

సిగ్నేచర్ వచ్చింది. లో ఫ్యూజ్ ఈ0 ఉంది, బాబాయ్ చెప్పినట్టే ఎక్స్‌టర్నల్ క్లాక్. ఇప్పుడు దాన్ని ఈ2 చేశాం, లోపలి 8 మెగాహెర్ట్జ్‌కి.